కాశిబుగ్గ నుంచి ఏజీ ఆఫీసుకు

లా పూర్తి చేసిన పిల్లలున్న ఇంటికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, "హైకోర్టుల ఏజీ ఆఫీసు ఉన్నది, తెలిసినోళ్లున్నరు, పెట్టిస్త" అనడం మన వైపు వినని మాట కాదు. తాత ఆజంజాహి మిల్లులో పనిచేసిన ఇళ్లు, నాన్న ఎనుమాముల మార్కెట్లో గుమాస్తాగానో హమాలీగానో ఉన్న ఇళ్లు వరంగల్ కాశిబుగ్గలో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఇంట్లో మొదటిసారి నల్లకోటు వేసుకున్న పిల్లకో పిల్లవాడికో ఆ మాట వింటే ఆశ పుడుతుంది. ఆశపడడం తప్పు కాదు. కానీ పెట్టించేది ఏ కుర్చీలో, ఆ కుర్చీ ఎన్నాళ్లుంటుంది, ఒకటో తారీఖున జీతం పడుతుందా లేక బిల్లు పెట్టుకుని ఎదురుచూడాలా అన్నది ముందు అడగాలి. అడ్వకేట్ జనరల్ కార్యాలయం అనే బోర్డు వెనక పనిచేసేవాళ్లు రెండు రకాలు. ప్రభుత్వం మారితే మారేవాళ్లు ఒకరు, ఏ ప్రభుత్వం వచ్చినా అదే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు ఇంకొకరు. మీకు కావాల్సింది ఏ రకమో తేల్చుకున్నాకే బస్సెక్కండి.

మొదట ఆ పెద్ద కుర్చీ సంగతి. రాజ్యాంగం 165వ అధికరణ ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక అడ్వకేట్ జనరల్ ఉంటారు. గవర్నర్ నియమిస్తారు. హైకోర్టు జడ్జి కావడానికి ఉండాల్సిన అర్హతే దీనికీ కావాలి. న్యాయవాదుల విషయంలో అంటే హైకోర్టులో కనీసం పదేళ్ల ప్రాక్టీసు. పదవీకాలం ఇన్నేళ్లని ఎక్కడా రాయలేదు. గవర్నర్‌కు ఇష్టమున్నంత కాలం అని మాత్రమే ఉంది. ఆచరణలో అది అధికారంలో ఉన్న ప్రభుత్వానికి ఇష్టమున్నంత కాలం. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా 1929 నుంచి 1944 దాకా ఉన్నారు. ఆ తర్వాత రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యుడయ్యారు. ఆ రోజులు వేరు. తెలంగాణ వచ్చాక 2014లో కె. రామకృష్ణారెడ్డి మొదటి ఏజీ అయ్యారు. 2017లో డి. ప్రకాశ్‌రెడ్డి, 2018లో బీ.ఎస్. ప్రసాద్ వచ్చారు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక ఆ బాధ్యత ఎ. సుదర్శన్‌రెడ్డికి వెళ్లింది. పదేళ్లలో నలుగురు. పైన ఉన్నవారికే ఇలా ఉంటే కింద ఉన్నవారి సంగతి వేరే చెప్పాలా?

ఏజీ చేసే పని టీవీలో కనిపించే వాదన ఒక్కటే కాదు. ప్రభుత్వానికి న్యాయ సలహా ఇవ్వాలి. ఏదైనా శాఖకు చిక్కు ప్రశ్న వస్తే అది మామూలుగా సచివాలయంలోని లా డిపార్ట్‌మెంట్ మీదుగా ఆయన బల్ల మీదికి వస్తుంది. 177వ అధికరణ ప్రకారం శాసనసభలో మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. ఎవరైనా ఒక వ్యక్తి హైకోర్టులో క్రిమినల్ కోర్టు ధిక్కారం కేసు వేయాలంటే 1971 నాటి చట్టంలోని 15వ సెక్షన్ కింద ముందు ఏజీ రాతపూర్వక సమ్మతి తెచ్చుకోవాలి. దారి మీద అందరికీ అడ్డమయ్యే నిర్మాణం మీద, గాడి తప్పిన ధర్మసంస్థ మీద దావా వేసే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 91, 92 సెక్షన్లు ఆయనకిచ్చాయి. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో హోదా రీత్యా సభ్యుడు కూడా. ఇవన్నీ చదవడానికి బాగుంటాయి. మీ ఉద్యోగానికి పనికొచ్చేది మాత్రం ఆయన కింద పని ఎలా పంచారు అన్నది.

ఏజీ కింద అదనపు అడ్వకేట్ జనరల్, ఆ తర్వాత ఆయన కార్యాలయానికి జతచేసిన స్పెషల్ గవర్నమెంట్ ప్లీడర్లు. తర్వాత శాఖల వారీగా గవర్నమెంట్ ప్లీడర్లు. రెవెన్యూకు ఒకరు, భూసేకరణకు ఒకరు, ఉద్యోగుల సర్వీసు కేసులకు, హోం శాఖకు, మున్సిపల్ వ్యవహారాలకు, విద్యకు, నీటిపారుదలకు ఇలా. అందరూ వీళ్లను జీపీ అంటారు. ప్రతి జీపీ దగ్గర అసిస్టెంట్లు, అంటే ఏజీపీలు ఉంటారు. క్రిమినల్ కేసులు వీళ్లవి కావు, వాటికి పబ్లిక్ ప్రాసిక్యూటర్ వేరు. కార్పొరేషన్లు, బోర్డులు, ఆర్టీసీ లాంటివి తమ స్టాండింగ్ కౌన్సిల్‌ను తామే పెట్టుకుంటాయి. వీళ్లందరి వెనక సూపరింటెండెంట్లు, జూనియర్ అసిస్టెంట్లు, స్టెనోలు, టైపిస్టులు, రికార్డు అసిస్టెంట్లు, ఆఫీసు సబార్డినేట్లు ఉంటారు. ఫైలు ఎక్కడుందో తెలిసేది వీళ్లకే.

ఒక కేసు పట్టుకుంటే ఇదంతా విడివిడిగా కనిపిస్తుంది. 2020 ఆగస్టు వానలకు వరంగల్ కాలనీలు మునిగాక నాలాల పక్కనున్న కట్టడాల మీద నోటీసులు మొదలయ్యాయి కదా. కాశిబుగ్గలో నాలా పక్కన ఇల్లున్న ఒకాయనకు అలాంటి నోటీసు వచ్చిందనుకుందాం. ఆయన వకీలు హైకోర్టులో రిట్ వేస్తాడు. మొదటి ప్రతివాది మున్సిపల్ శాఖ ముఖ్య కార్యదర్శి, రెండు జిల్లా కలెక్టర్, మూడు గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ కమిషనర్, నాలుగు తహసీల్దార్. కేసు ఒకటే, ప్రభుత్వం వైపు నిలబడేవాళ్లు ముగ్గురు. ముఖ్య కార్యదర్శి తరఫున మున్సిపల్ జీపీ, కలెక్టర్‌కూ తహసీల్దార్‌కూ రెవెన్యూ జీపీ, కార్పొరేషన్‌కు దాని స్టాండింగ్ కౌన్సిల్. వీళ్లలో జీపీలిద్దరూ వకాలత్‌నామా కోసం కాశిబుగ్గకు రారు. జీపీ ఫలానా ప్రతివాది తరఫున హాజరవుతున్నానని చెబితే చాలు, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇరవై ఏడో ఆర్డర్ ఆ వెసులుబాటు ఇచ్చింది.

ఇంటాయన వకీలు రిట్ ప్రతులను జీపీ ఆఫీసులో అందజేసినప్పుడు అక్కడి గుమాస్తా ముద్ర వేసి నంబరు వేస్తాడు. ఆ క్షణం నుంచి గడియారం నడుస్తుంది. కేసు బెంచి మీదికి వచ్చిన రోజు జడ్జిగారు "జీపీ ఏమంటారు?" అంటే, "ఇన్‌స్ట్రక్షన్స్ తెప్పించుకుంటాం, వారం ఇవ్వండి" అనేది ఏజీపీ. ఆ వారంలో ఏం జరుగుతుందో హైకోర్టులో కనిపించదు. కలెక్టరేట్ లీగల్ సెక్షన్లో, తహసీల్దార్ ఆఫీసులో, మున్సిపల్ టౌన్ ప్లానింగ్ బల్ల దగ్గర జరుగుతుంది.

"సార్, ఫైల్ కలెక్టరేట్‌ల ఉన్నది, ఎల్లుండి వస్తది."

"అన్నా, ఎల్లుండి కేసు లిస్టులో ఉంది. కనీసం నోటీసు కాపీ, అందుకున్న సంతకం ఫోన్ల పంపు."

ఈ రెండు మాటలు ప్రతి ఏజీపీకీ, ప్రతి సెక్షన్ గుమాస్తాకూ రోజూ ఉండేవే. ఆ రెండో మాట అనడం తెలిసినవాడు ఏజీపీగా నిలబడతాడు. దానికి జవాబు ఇవ్వగలిగినవాడు కలెక్టరేట్‌లో మంచి గుమాస్తా అనిపించుకుంటాడు. కాబట్టి నేను చెప్పేది న్యాయవాదులకే కాదు, రెవెన్యూ, మున్సిపల్ ఆఫీసుల్లో కోర్టు ఫైళ్లు చూసే వాళ్లకు కూడా.

ప్రభుత్వ న్యాయవాది కార్యాలయంలో అసలు చాకిరీ కౌంటర్ రాయడం. రిట్‌లో పిటిషనర్ పేరాలు పేరాలుగా చెప్పుకున్న దానికి ప్రతివాది అఫిడవిట్ రూపంలో ఇచ్చే జవాబే కౌంటర్. దానికి ముడిసరుకు తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చే పేరావారీ రిమార్కులు. ఇవి ఎలా వస్తాయో చూడండి. "పేరా 4లో చెప్పినది వాస్తవం కాదు. పిటిషనర్‌ను రుజువు చేసుకోమనవలెను." ఇంతే. ఇలాంటి రిమార్కుల మీద ఏజీపీ కట్టగలిగే కౌంటర్ ఏమీ ఉండదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డర్లో స్పష్టంగా కాదనని విషయం ఒప్పుకున్నట్టే లెక్క అని ఉంది. దావాల కోసం రాసిన నియమమే అయినా రిట్‌లో కూడా జడ్జి బుర్ర అలాగే పనిచేస్తుంది. అదే రిమార్కు ఇలా ఉండాలి: నోటీసు ఏ తారీఖున ఇచ్చారు, ఎవరు అందుకున్నారు, సంతకం ఫైలులో ఏ పేజీలో ఉంది. స్థలం ఏ సర్వే నంబరులోది, గ్రామ పటంలో నాలా వెడల్పు ఎంత, జాయింట్ సర్వే ఎప్పుడు చేశారు, పంచనామా మీద ఎవరెవరు సంతకాలు పెట్టారు, ఇల్లు నాలా హద్దులోకి ఎన్ని అడుగులు వచ్చింది. ఈ ఎనిమిది ముక్కలు రాసిస్తే ఏజీపీ సాయంత్రానికి కౌంటర్ తయారు చేస్తాడు. లేకపోతే మూడు వాయిదాలు తీసుకుంటాడు. ఈలోగా మధ్యంతర ఉత్తర్వు వస్తుంది, కమిషనర్ గారు ఎందుకు వచ్చిందని అరుస్తారు.

పిటిషనర్ చెప్పింది నిజమే అయితే ఏం చేయాలి? నోటీసు ఇవ్వకుండానే గోడ కూల్చి ఉంటే అబద్ధం రాయకండి. ఏజీపీకి విడిగా, సూటిగా చెప్పండి. తప్పు దిద్దుకోవడానికి కొత్త నోటీసు ఇస్తామని కోర్టుకు చెప్పి కేసు ముగించడం ఆయన పనిలో భాగమే. ప్రభుత్వ న్యాయవాది గెలుపును ఎప్పుడూ కొట్టేసిన రిట్ల లెక్కతో కొలవకూడదని నా అభిప్రాయం. ఒప్పుకోవాల్సిన చోట ఒప్పుకుంటే ప్రభుత్వానికి ఖర్చు మిగులుతుంది, మీ మీద జడ్జికి నమ్మకం పెరుగుతుంది. ఆ నమ్మకం నిజంగా అవసరమైన కేసులో, మధ్యాహ్నం రెండున్నరకు ఒక వారం అడిగినప్పుడు పనికొస్తుంది.

అప్పీళ్లలో గడువు సంగతి మరీ కఠినం. ఫైలు టేబుళ్ల మీద తిరిగింది, అందుకే ఆలస్యమైందని చెబితే ఒకప్పుడు కోర్టులు సర్దుకునేవి. 2012లో సుప్రీంకోర్టు తపాలా శాఖ కేసులో 427 రోజుల ఆలస్యాన్ని మాఫీ చేయడానికి ఒప్పుకోలేదు. గడువు చట్టం ప్రభుత్వానికి కూడా అంతేనంది. అప్పటి నుంచి ఆ తీర్పు చూపించని ప్రైవేటు వకీలు లేడు. తీర్పు వచ్చిన తారీఖు, ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేసిన తారీఖు, నకలు వచ్చిన తారీఖు, ఈ మూడూ ఫైలు అట్ట మీదే రాసి పెట్టే అలవాటు ఉన్న గుమాస్తాను ఏ జీపీ వదులుకోడు. అలాగే అధికారులను కోర్టుకు పిలిపించే విషయం. 2024 జనవరిలో సుప్రీంకోర్టు దీనికి ఒక పద్ధతి పెట్టింది. అధికారిని పిలవడం మామూలు పని కాకూడదు, పిలవాల్సి వస్తే ముందు వీడియో ద్వారా అవకాశమివ్వాలి అంది. కోర్టు ధిక్కారం కేసులో పేరు పడిన తహసీల్దార్ ముందు ఏజీపీని అడగాల్సింది ఇదే.

ఇక ఉద్యోగాల సంగతికొద్దాం.

జీపీ, ఏజీపీ, జిల్లా కోర్టులో ప్రభుత్వ న్యాయవాది, ఇవేవీ సర్వీసు ఉద్యోగాలు కావు. ఉమ్మడి రాష్ట్రంలో 2000 డిసెంబర్‌లో వచ్చిన జీవో 187 వీటి నియామకానికి ఇప్పటికీ ఆధారం. దాని ప్రకారం నియామకం మూడేళ్లకు. నెల నోటీసు ఇచ్చో, నెల గౌరవ వేతనం ఇచ్చో ప్రభుత్వం ముందే తీసేయొచ్చు. మీరూ అలాగే మానేయొచ్చు. పీఎఫ్, పింఛను ఉండవు. వచ్చేది గౌరవ వేతనం, అదీ బిల్లు మీద. ప్రైవేటు కేసులు చేసుకోవచ్చు కానీ ప్రభుత్వానికి ఎదురుగా నిలబడకూడదు. కాబట్టి ఏజీపీ అయ్యాక ఇంటి అద్దె, పిల్లల ఫీజు దాని మీదే పెట్టుకుంటే ఇబ్బంది పడతారు. దాన్ని పేరు తెచ్చే మూడేళ్లుగా చూసుకోండి. రోజుకు ఎన్నో కేసుల్లో నిలబడి మాట్లాడే అవకాశం ప్రైవేటు జూనియర్‌కు పదేళ్లకు కూడా రాదు. ఆ మూడేళ్ల తర్వాత మీ దగ్గరికే కక్షిదారులు వస్తారు.

తీసేస్తే కోర్టుకు వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జిల్లా ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒక్క ఉత్తర్వుతో తీసేస్తే సుప్రీంకోర్టు అది ఇష్టారాజ్యమని కొట్టేసింది. 2004లో అదే రాష్ట్రం నుంచి వెళ్లిన ఇంకో కేసులో కొనసాగించమని అడిగే హక్కు న్యాయవాదికి లేదంది. 2016లో పంజాబ్ కేసులో ప్రభుత్వ న్యాయవాదుల ఎంపిక పారదర్శకంగా, ప్రతిభ చూసి చేయాలంది. మూడూ కలిపి చదివితే అర్థమయ్యేది ఇంత. ఎంపికలో న్యాయం జరగలేదని అడగొచ్చు, పదవి నాదేనని మాత్రం అడగలేరు. దాని కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే బదులు ఆ సమయం ప్రాక్టీసుకు పెట్టుకోవడం మేలని నేననుకుంటాను.

నెల నెలా జీతం కావాలంటే దారులు వేరు. మొదటిది అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఏపీపీ. ఇది ఏజీ కింద కాదు, హోం శాఖ ప్రాసిక్యూషన్స్ విభాగం కింద ఉంటుంది. మేజిస్ట్రేట్ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపేది వీళ్లే. పోస్టు పర్మినెంటు, పోటీ పరీక్షతో వస్తుంది. పోలీసు నియామక మండలి 2021లో 151 పోస్టులకు, 2025లో 118 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. లా డిగ్రీతో పాటు క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. ఒక పేపర్ ఆబ్జెక్టివ్, ఇంకోటి రాసేది. రెండో పేపర్లోనే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే కోచింగ్‌లో బిట్లు చదివినవాళ్లకు బెయిల్ పిటిషన్ మీద ఒక పేజీ సొంతంగా రాయడం అలవాటుండదు. దీనికి మందు హనుమకొండ కోర్టులోనే ఉంది. సీనియర్ దగ్గర రోజూ ఒక డ్రాఫ్టు రాయండి, కొట్టేయించుకోండి.

రెండోది సచివాలయ లా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్. ఇది గ్రూప్-2లో వస్తుంది, లా డిగ్రీ ఉన్నవాళ్లకే. 2022 గ్రూప్-2 నోటిఫికేషన్లో మొత్తం 783 పోస్టులుంటే ఈ రకానివి ఏడు. కొద్దివే, కానీ డిగ్రీ వాళ్లందరితో కాకుండా లా వాళ్లతోనే పోటీ. ఏజీ కార్యాలయంతో నిత్యం ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేది ఈ శాఖే, ఈ శాఖ కార్యదర్శిగా మామూలుగా జిల్లా జడ్జి స్థాయి అధికారి ఉంటారు. ఆ బల్ల మీద పది సంవత్సరాలు పనిచేస్తే జీవో ఎలా పుడుతుందో తెలుస్తుంది.

మూడోది జూనియర్ అసిస్టెంటు, టైపిస్టు దారి. కార్యాలయాల్లో ఇలాంటి పోస్టులు ఎక్కువగా గ్రూప్-4 ద్వారా, కోర్టుల్లోవి హైకోర్టు సొంత నోటిఫికేషన్ ద్వారా నిండుతాయి. 2025 జనవరిలో హైకోర్టు జిల్లా కోర్టులతో కలిపి 1,673 పోస్టులు ప్రకటించింది. టైపిస్టు, కాపీయిస్టు పోస్టులకు ఇంగ్లిష్ టైప్‌రైటింగ్ సర్టిఫికెట్ కావాలి. డిగ్రీ చదివే రోజుల్లోనే టైపు నేర్చుకున్నవాళ్లు ఇక్కడ ఒక అడుగు ముందుంటారు.

ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని ఎవరూ ముందు చెప్పరు. నల్లకోటు వేసుకున్నాక జీతం ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం సనద్ సస్పెండ్ చేయించుకోవాలి. ఆ కాలం ప్రాక్టీసు కింద లెక్కకు రాదు. సుప్రీంకోర్టు 2025 మే 20న సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తారీఖు నుంచి లెక్కించవచ్చంది. ఏపీపీకి ఎలాగూ మూడేళ్లు కావాలి. కాబట్టి గ్రూప్-4 ఉద్యోగం రాగానే చేరిపోయి, తర్వాత జడ్జి పరీక్ష రాద్దామనుకునేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఇంట్లో అప్పు ఉంటే ఉద్యోగమే చేరండి, అందులో సిగ్గు లేదు. నాలుగేళ్లు ఆగగలిగితే ప్రాక్టీసు చేయండి. రెండు పడవల మీద కాలు పెట్టే వెసులుబాటు మాత్రం ఈ వృత్తిలో లేదు. దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ చేస్తానంటే దానితో ఎన్‌రోల్‌మెంట్ రాదు, డబ్బు పోగొట్టుకోకండి.

ఆ మూడు నాలుగేళ్లు ఇల్లు ఎలా గడవాలి? జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సూచించింది. అది సూచన మాత్రమే. వరంగల్‌లో ఎంతమందికి అందుతోందో మీకే తెలుసు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మాత్రం తగ్గింది. వేలకు వేలు వసూలు చేయడం కుదరదని, చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో సంగతి. ఎస్సీ, బీసీ సంక్షేమ శాఖలు లా చదివినవాళ్లను ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర శిక్షణకు పెట్టి కొద్దిపాటి స్టైపెండ్ ఇచ్చే పథకం నడుపుతాయి. డబ్బు చిన్నదే. కానీ జీపీ గదిలో కుర్చీ దొరుకుతుంది, కౌంటర్లు ఎలా కడతారో దగ్గర్నుంచి చూస్తారు. జిల్లా సంక్షేమ కార్యాలయంలో ఏటా ప్రకటన ఎప్పుడొస్తుందో అడిగి ఉంచండి. పథకం ఉందని తెలియక పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

నేరుగా హైదరాబాద్ వెళ్లాలా, హనుమకొండలో మొదలుపెట్టాలా? నా ఓటు హనుమకొండకే, కనీసం మొదటి రెండేళ్లు. కాశిబుగ్గ నుంచి అదాలత్ దాకా సిటీ బస్సులో వెళ్లి, సాయంత్రం ఇంటికొచ్చి తినొచ్చు. గది అద్దె లేదు. 2021 డిసెంబర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ప్రారంభించిన కొత్త కోర్టు భవనాల్లో సివిల్, క్రిమినల్ రెండూ చూడొచ్చు. సాక్షిని విచారించడం, పంచనామా చదవడం, తహసీల్దార్ ఆఫీసులో ఫైలు కదిలించడం ఇక్కడే వస్తాయి. ఇవి రాకుండా హైకోర్టుకు వెళ్లిన జూనియర్, రిట్‌లో జతచేసిన కాగితాల్లో ఏది ఏమిటో తెలియక తికమకపడతాడు. తర్వాత వెళ్లండి. హైకోర్టు మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రికి ఎదురుగా ఉంది, ఎంజీబీఎస్‌లో దిగితే నడిచిపోవచ్చు. కొత్త భవనానికి రాజేంద్రనగర్ వైపు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది కాబట్టి అక్కడ గది చూసుకునేవాళ్లు ఆ మాట కూడా మనసులో పెట్టుకోండి.

ఒక నైపుణ్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రెవెన్యూ జీపీ ఆఫీసుకు వచ్చే తెలంగాణ భూముల కేసుల్లో వాదన తిరిగి తిరిగి పాత కాగితాల దగ్గరికే వస్తుంది. సేత్వార్, వసూల్ బాకీ, చౌఫస్లా, 1954-55 ఖాస్రా పహాణీ. నిజాం కాలం నాటివి ఉర్దూలో ఉంటాయి. చదివేవాళ్లు తగ్గిపోయారు. ధరణి పోయి 2025లో భూభారతి వచ్చినా ఈ కాగితాల బలం తగ్గలేదు, రికార్డు సరిదిద్దమని వచ్చే ప్రతి దరఖాస్తు వెనక ఇవే ఉంటాయి. గీసుకొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, మామునూరు విమానాశ్రయం అంటూ మన చుట్టూ భూసేకరణ నడుస్తోంది కాబట్టి ఈ పని పెరిగేదే. ఉర్దూ లిపి కూడబలుక్కుని చదివే దాకా నేర్చుకోండి. మీ వీధిలోనే పాత మదర్సా చదువు చదివిన పెద్దలు ఎవరో ఒకరు ఉంటారు, గౌరవంగా అడిగితే కాదనరు. దానికి తోడు తెలుగు పంచనామాను, వాంగ్మూలాన్ని చదవగానే అర్థమయ్యే ఇంగ్లిష్‌లోకి మార్చడం వస్తే, హైకోర్టులో జతపరచడానికి అనువాదం కావాల్సిన ప్రతి కాగితం మీ దగ్గరికే వస్తుంది. జూనియర్‌గా ఉండగా చేతిఖర్చు కూడా గడుస్తుంది.

జిల్లాలో ప్రభుత్వ న్యాయవాది లేదా పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలనుకునేవాళ్లకు చివరి మాట. సెషన్స్ కోర్టు ప్రాసిక్యూటర్ పోస్టుకు భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 18వ సెక్షన్ కింద ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి. పేర్ల జాబితా జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జితో సంప్రదించి తయారు చేస్తారు. జీపీ, ఏజీపీ పోస్టులకు కూడా కలెక్టర్, జిల్లా జడ్జిని దాటాకే పేరు ముందుకెళ్తుంది. అంటే పోటీ మొదలయ్యేది పరీక్ష హాల్లో కాదు, ఆ ఏడేళ్లూ మీరు నిలబడ్డ కోర్టు హాల్లో. జడ్జిగారికి మీ పేరు గుర్తుండేది మీరు వాయిదా అడగకుండా వాదించిన కేసుల వల్ల. బయోడేటాతో పాటు బార్ కౌన్సిల్ సర్టిఫికెట్, ఆలిండియా బార్ పరీక్ష పాసైన కాగితం, జిల్లా జడ్జి దగ్గరి ప్రాక్టీసు ధ్రువీకరణ, మీరు సొంతంగా నడిపిన కేసుల్లో తీర్పుల నకళ్లు నంబర్లతో సహా పెట్టండి. ఆ నంబర్లు ఈ-కోర్ట్స్‌లో కొడితే మీ పేరు కనిపించాలి. కనిపించకపోతే వకాలత్ మీద సీనియర్ పేరు ఒక్కటే ఉందన్నమాట. ఇప్పటి నుంచే ప్రతి వకాలత్ మీద మీ సంతకం, ఎన్‌రోల్‌మెంట్ నంబరు కూడా పడేలా సీనియర్‌ను అడగండి. పెట్టిస్తానన్న పెద్దమనిషి డబ్బు అడిగితే, ఏ జీవో కింద, ఏ పోస్టు, ఎవరు సంతకం పెడతారు అని మూడు ప్రశ్నలు వేయండి. మూడింటికీ జవాబు చెప్పగలిగినవాడికి మీ డబ్బుతో పని ఉండదు.